గోడ పలికిన పూట

ఆ వానాకాలం మొదలయ్యేటప్పటికి మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. అన్నయ్య, వదిన, నేను. వానలు వెనకబట్టేసరికి ఇద్దరే మిగిలారు. పోట్లాట జరగలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. జరిగిందంతా ఒక తలుపు చెక్క గురించి.

అది నిజంగానే తలుపు చెక్క. పాత ఇళ్ళు పడగొట్టే చోటు నుంచి అన్నయ్య మోసుకొచ్చాడు. దాని మీద రెండు ఉక్కు తీగలు బిగించి, తీగ అదురును సౌండు పెట్టెకు పంపే పికప్ ఒకటి పాడైన గిటారు నుంచి ఊడదీసి అతికించి, దానికి తీగబల్ల అని పేరు పెట్టి, తన బ్యాండులో అందరి చేతికీ ఫిడేలు కమాను ఇచ్చి లాగి చూడమన్నాడు. డ్రమ్ములు వాయించే అతన్ని ఉరుము అనేవాళ్ళం. ఉరుము కాసేపు లాగి, "ఇది పలికేలోపు నా గడ్డం నెరుస్తుంది గురూ" అని కమాను కింద పెట్టేశాడు.

నిజమే, తీగబల్ల వెంటనే పలకదు. బరువు వేయకుండా, వేగం మార్చకుండా లాగుతూ ఉండాలి. ముందు ఏమీ ఉండదు. తర్వాత చెక్క లోపలెక్కడో ఏదో కదులుతుంది. ఈనిన ఆవు దూడను గొంతు తగ్గించి పిలిచినట్టు ఒక మూలుగు పుడుతుంది. అది పెరిగి పెరిగి గది నిండుతుంది. ఓపికతో తప్ప లొంగదు. నాకు ఓపిక తప్ప వేరే ఆస్తి లేదు. చిన్నప్పుడు మా పల్లె బళ్ళో అన్ని తరగతులకూ ఒకే గది, ఒకే మాస్టారు. మా వంతు వచ్చేదాకా గోడ చూస్తూ కూర్చోవడమే నేను అక్కడ బాగా నేర్చుకున్న చదువు. అలా తీగబల్ల నాదైంది.

అన్నయ్యవాళ్ళు మొదట్లో ఫంక్షన్లలో ఇతరుల పాటలు వాయించేవాళ్ళు. తర్వాత సొంత పాటలు కట్టారు. ఆ తర్వాత పాటలే మానేశారు. పాటకు మొదలూ చివరా ఉండాలని ఎవడు చెప్పాడని అన్నయ్య అడిగిన రోజు నుంచి మా మిద్దె మీద గదిలో వాయిద్యం కానిది లేదు. నీళ్ళ మోటారు మోత, రేడియోలో స్టేషన్లకు మధ్య వచ్చే గరగర, రేకు మీద పోసిన గులకరాళ్ళు, అన్నీ రికార్డు చేసి వాటితోపాటు వాయించేవాళ్ళు. తీగబల్లతో మొదలై తీగబల్లతో ముగిసే రికార్డు ఒకటి తెచ్చారు. కొన్నవాళ్ళు తక్కువే గానీ, ఆ కొన్న కొద్దిమందీ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, మిద్దె మీద నేల మీద కూర్చుని వినేవాళ్ళు.

ఆ ఎండాకాలం చివర్లో ఒక కంపెనీ మేనేజరు అలాగే మెట్లెక్కి వచ్చాడు. అతను మాత్రం చెప్పులు విడవలేదు. వానాకాలమంతా ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇవ్వాలన్నాడు. హాళ్ళు, వ్యాను, పోస్టర్లు అతని పూచీ. పాటలు మాత్రం పొట్టిగా ఉండాలి, జనం గెంతేలా ఉండాలి.

అన్నయ్య కాదంటాడనుకున్నాం. అవునన్నాడు. పది రోజుల్లో కొత్త పాటలన్నీ కట్టేశాడు. అంత సులువుగా కట్టగలిగినవాడు ఇన్నేళ్ళూ రేకు మీద రాళ్ళెందుకు పోశాడా అని నాకు ఆశ్చర్యం వేసింది. పాటలు బాగున్నాయి కూడా. వంటింట్లో వదిన తనకు తెలియకుండానే కూనిరాగం తీసేది.

ప్రాక్టీసులో నాకు చోటు దొరికేది కాదు.

"అన్నయ్యా, ఇందులో నేనెక్కడ?"

"నీకు తోచినచోట."

"పాట మొత్తం మూడు నిమిషాలే. నాది పలకడానికే ఒక నిమిషం పోతుంది."

"దానికేముంది చెల్లెమ్మా," అన్నాడు ఉరుము. "ఈ పాటలో మొదలుపెట్టు. వచ్చే పాటలో అందుకుంటుంది."

అందరూ నవ్వారు. బేసు గిటారు వాయించే నత్త కూడా నవ్వాడు. ఏ పనైనా తాపీగా చేస్తాడని అతనికి ఆ పేరు. అన్నయ్య నవ్వలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, "నువ్వు మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరం లాగుతూ ఉండవే. నువ్వు కింద ఉన్నావంటే, పైన మేం ఎన్ని పిల్లిమొగ్గలు వేసినా పడిపోం" అన్నాడు.

ఆ మాట తిని నేను చాలా రోజులు బతికాను.

అప్పటికి నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. అద్దాలు అరగదీసి ఫ్రేములకు సరిపెట్టడం నా పని. వానాకాలం సెలవు కావాలంటే యజమానురాలు తన కళ్ళజోడు తీసి నన్ను చూసింది. దగ్గరివి చూడటానికి ఆవిడ కళ్ళజోడు తీసేది.

"వానలయ్యేదాకా ఆగుతాను. తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటాను. మరి తప్పుగా అనుకోకు."

"లేదండీ."

"నీ పనికి వంక పెట్టేవాడు పుట్టలేదు. ఇది వదులుకుని ఆ తలుపు పట్టుకుని ఊరేగుతానంటావేంటి?"

మాటలు కూడా నాకు తీగబల్లలాగే ఆలస్యంగా వస్తాయి.

"ఇక్కడ నేను రాకపోతే ఇంకొకరు అరగదీస్తారండీ," అన్నాను. "అక్కడ నేను లేకపోతే తెలుస్తుంది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "వెళ్ళిరా" అంది.

*

వ్యానులో ముందు సీట్లో అన్నయ్య, డ్రైవరు. వెనక మేమందరం, పెట్టెలు, డ్రమ్ములు, మా మోకాళ్ళ మీద అడ్డంగా తలుపు. వదిన మా బట్టలు, బస, భోజనాలు చూసుకోవడానికి వచ్చింది. సౌండు చూసే పెద్దాయన్ని చెవుల బాబాయ్ అనేవాళ్ళం. తీగలో ఎక్కడ తెగిందో చెవి పెట్టి చెప్తాడని పేరు. బ్యాండు పుట్టినప్పటి నుంచీ అన్నయ్యతోనే ఉన్నాడు.

"మన చరిత్ర రెండు ముక్కల్లో చెప్పనా?" అన్నాడు ఉరుము మొదటి రోజు దారిలో. "మొదట్లో జనం లేచి డాన్సు చేసేవాళ్ళు. తర్వాత లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు మళ్ళీ డాన్సు చేస్తారు. ఇంతోటి దానికి నా జుట్టు సగం రాలిపోయింది."

"జుట్టు రాలింది సంగీతం వల్ల కాదులే," అన్నాడు నత్త.

పోస్టరు చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. ముందు నేనూ తీగబల్లా ఉన్నాం. అన్నయ్య వెనకెక్కడో మసగ్గా ఉన్నాడు. "అందరి దగ్గరా గిటార్లు ఉంటాయమ్మా, తలుపు ఎవడి దగ్గరుంది?" అన్నాడు మేనేజరు. వదిన నాకోసం ముదురు నీలం రంగు చొక్కా కుట్టింది, చేతులు కదలడానికి వదులుగా. అది వేసుకుని స్టేజి మీద అందరికంటే ముందు, కుడివైపు కూర్చునేదాన్ని. నా కాళ్ళ దగ్గర చిన్న సౌండు పెట్టె ఒకటి ఉండేది. వాయించేవాళ్ళకు తమ చప్పుడు తమకు వినబడటానికి ఎవరి పెట్టె వారికి ఉంటుంది. జనానికి వినిపించేవి వేరు. స్టేజికి అటూ ఇటూ మనిషి ఎత్తున నిలబెట్టినవి. అన్నీ హాలు చివర చెవుల బాబాయ్ ముందున్న బల్ల మీద మీటలతోనే నడుస్తాయి, మా పెట్టెలకు వేరే మీటలు, జనానికి వేరే మీటలు.

గెంతే జనాన్ని నేను అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ కాళ్ళ కింద నేల కదిలేది. నా చప్పుడు మీద నిలబడి గెంతుతున్నారనుకునేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం గమనించాను. ఉరుము డ్రమ్ము కొడితే ఆ దెబ్బ హాలు వెనక గోడను తాకి తిరిగొచ్చేది. అన్నయ్య గొంతూ అలాగే వచ్చేది, చివరి మాట రెండుసార్లు పాడినట్టు. నాది వచ్చేది కాదు. మూడు నాలుగు ఊళ్ళు చూసి, తీగలు చుడుతున్న బాబాయ్‌ని అడిగాను.

"బాబాయ్, నాది గోడ దాకా పోతోందా?"

ఆయన చుట్టిన తీగ విప్పి మళ్ళీ చుట్టాడు. "నీది లోతు శబ్దం తల్లీ. లోతైనవి జనం ఒంట్లోకి ఇంకిపోతాయి. ఇంకిపోయాక గోడకేం మిగులుతుంది?"

ఎంత బాగా చెప్పాడు! ఇంకిపోవడం అన్న మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు పులకరించేది. ప్రతి ప్రదర్శనకు ముందు ఆయన నాకు టీ తెచ్చేవాడు, ఇద్దరు కూతుళ్ళున్న మనిషి కదా, అలవాటు కొద్దీ తెస్తున్నాడనుకునేదాన్ని. టీ ఇచ్చేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు, కప్పు చూసేవాడు. ఒలుకుతుందేమోనని కాబోలు.

ఒక ఊళ్ళో ప్రదర్శన అయ్యాక కాలేజీ అమ్మాయి ఒకతె స్టేజి దగ్గరకొచ్చి తీగలు ముట్టుకుని చూసింది.

"ఇదెలా పలుకుతుందో ఒకసారి వినిపిస్తారా అక్కా?"

"ఇప్పుడేగా విన్నావు."

"అవుననుకోండి... అందులో మీదేదో పోల్చుకోలేకపోయాను."

పాపం, ఆ పిల్లకు సంగీతం కొత్త అనుకున్నాను.

ప్రదర్శన అయ్యాక బసకు చేరి, నేనూ వదినా ఒకే మంచం మీద కూర్చుని జడలు విప్పుకునేవాళ్ళం. నేను రోజూ ఒకటే ప్రశ్న అడిగేదాన్ని.

"ఇవాళ నాదెలా వచ్చింది వదినా?"

"రెండో పాటలో చాలా బాగా వచ్చింది. చివర్లో కొంచెం సన్నబడింది."

"అవును, చెయ్యి నొప్పెట్టింది."

"అనుకున్నాను."

మర్నాడు చివర్లో సన్నబడకుండా చూసుకునేదాన్ని. "ఇవాళ చివరిదాకా నిలబెట్టావు" అనేది వదిన. నాకు అమ్మ పోయాక, నన్ను ఇంత పట్టించుకునే మనిషి ఉందని పొంగిపోయేదాన్ని.

*

సగం కాలం గడిచాక చెవుల బాబాయ్‌కి జ్వరం తగిలింది. ఆయన్ని ఒక ఊరి ఆసుపత్రిలో దించి, కూతురికి కబురు పెట్టి, మేం ముందుకు పోయాం. తర్వాతి ఊళ్ళో మధ్యాహ్నం ప్రదర్శన. వ్యాను బురదలో దిగబడి ఆలస్యమైంది. హాలుకు చేరేసరికి జనం అప్పటికే లోపలున్నారు. ముందుగా ఒక్కొక్క వాయిద్యాన్నీ సరిచూసుకునే వ్యవధి లేదు. హాలువాళ్ళు తమ సౌండు మనిషిని ఇచ్చారు. నోట్లో ఏదో నములుతూ, అడుగడుగునా "అయిపోయింది, అయిపోయింది" అంటూ తిరిగే మనిషి.

"మీదేంటమ్మా?" అన్నాడు నా తీగ పట్టుకుని.

"బల్ల మీద ఆరో నంబరు మీటండీ," అన్నాను. బాబాయ్ పెట్టిన వరసే చెప్పాను.

"అయిపోయింది," అని వెళ్ళిపోయాడు.

మొదటి పాట మొదలైంది. కమాను పెట్టాను. పైన రేకుల మీద వాన. నా కాళ్ళ దగ్గర పెట్టెలో ఎప్పటిలాగే ముందు ఏమీ లేదు, తర్వాత మూలుగు, తర్వాత అది పెరగడం.

అప్పుడు హాలు వెనక గోడ పలికింది.

ఎవరో వెనక తలుపు తీసుకుని వస్తున్నారనుకున్నాను ముందు. తర్వాత నా కమాను వేగం మార్చి చూశాను. గోడా మార్చింది. నా చప్పుడు హాలు పొడవునా వెళ్ళి, గోడను తాకి, జనం తలల మీదుగా నడిచి నా దగ్గరికి తిరిగొచ్చింది. అన్నయ్య గిరుక్కున తిరిగాడు. నోరు తెరిచే ఉంది, పాటలో ఒక పాదం ఎగిరిపోయింది. ఉరుము కర్ర ఒక దెబ్బ తప్పింది. నత్త ఒక్కడే నా వైపు చూడకుండా తల దించుకుని వాయించాడు.

ముందు వరసల్లో గెంతుతున్నవాళ్ళు ఆగి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక ఎవరో ఈల వేశారు. మెచ్చుకోలో, ఆపమనో తెలీదు. నా స్వరం పాటకు కాస్త కింద ఉంది, రెండూ రాసుకుంటున్నాయి. నా పెట్టెలో నాది తప్ప వేరే వినబడదు గనక ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు. తీగ మీద వేలు కొంచెం జరిపాను. స్వరం పాటలోకి ఒదిగింది. ఆ తర్వాత కాసేపు, ఎంతసేపో చెప్పలేను, ఆ పొట్టి పాట లేచి నిలబడినట్టయింది. జనం నిశ్శబ్దంగా ఉన్నారు. బాగుండి ఊరుకున్నారో, అర్థంకాక ఊరుకున్నారో నేను ప్రమాణం చేయలేను.

అన్నయ్య స్టేజి పక్కన నిలబడ్డ వదిన వైపు చూసి గడ్డం ఎగరేశాడు. వదిన తల ఊపింది. గోడ వారగా, జనాన్ని తప్పించుకుంటూ, హాలు చివరి దాకా నడిచింది. సౌండు మనిషి చెవి దగ్గర వంగింది.

గోడ ఊరుకుంది.

నా కాళ్ళ దగ్గర పెట్టె మాత్రం అలాగే పలుకుతోంది.

నేను కమాను ఆపలేదు. ఆపితే నాకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. ఆ పాట, తర్వాతి పాట, ఆ తర్వాతివి, అన్నీ చివరిదాకా లాగాను. ఎక్కడా సన్నబడనివ్వలేదు.

*

హాలు వెనక కుర్చీలు పేర్చిన గది ఉంది. అందరం అక్కడ చేరాం. ఎవరూ ఏమీ అనకముందే సౌండు మనిషి తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏమనుకోకండి సార్. ఆరు మూసి ఉంచాలని ముందే ఒక మాటంటే మూసేవాణ్ణి. ఆవిడే స్వయంగా ఆరు అని చెప్పిందని..."

"గురువుగారూ, మీరు వెళ్ళి టీ తాగండి," అన్నాడు ఉరుము.

అతను వెళ్ళాడు. నేను అన్నయ్యను చూశాను.

"ఎప్పటి నుంచి?"

"ముందు కూర్చో."

"ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నాను కదా అన్నయ్యా."

"మొదటి ఊరి నుంచే," అన్నాడు నత్త. జీవితంలో మొదటిసారి అందరికంటే ముందు అతనే మాట్లాడాడు.

అన్నయ్య గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలు వదులు చేయడం మొదలుపెట్టాడు. "కొత్త పాటల్లో అది ఇమడటం లేదే. ప్రాక్టీసులోనే తెలిసింది నాకు. నీకెలా చెప్పను?"

"చెప్తే సరిపోయేది. దుకాణంలో సెలవు పెట్టేదాన్ని కాదు."

"చెప్తే నువ్వు వచ్చేదానివి కాదు. నువ్వు లేకపోతే టూరే లేదన్నాడు మేనేజరు. తీగబల్ల ఉంటే మనం ప్రయోగాలు చేసేవాళ్ళం. లేకపోతే వీధికొకటి ఉండే పాటల పార్టీ. అది వినబడితే జనం లేచి వెళ్ళిపోతారు, కనబడకపోతే మన పేరు పోతుంది. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

"అందుకని కనబడటానికి తెచ్చావు."

"అలా అనుకుంటే నేనేం చేసేది?"

"ఎలా అనుకోవాలో నువ్వు చెప్పు, అలాగే అనుకుంటాను."

అతను ఇంకో తీగ వదులు చేశాడు. ఉరుము గొంతు సవరించుకున్నాడు. "చూడు చెల్లెమ్మా, అందరం ఒకే పడవలో ఉన్నాం. పడవ ముందుకు పోతోందా లేదా? ఎవరి తెడ్డు ఎంత పడిందని లెక్కలేస్తామా?"

"నా చేతికి తెడ్డు ఇచ్చి, పడవను మీరు లాగుతున్నారన్నా. నాకు చేతులు నొప్పెట్టాయి."

ఉరుము డ్రమ్ము కర్రలు సంచిలో పెట్టుకున్నాడు.

"చిన్నప్పుడు ఆటల్లో నన్ను అరటిపండు చేసేవాడివి," అన్నాను అన్నయ్యతో. "కానీ ముందే చెప్పేవాడివి, నువ్వు అరటిపండువి, అవుటైనా లెక్కలేదు, ఊరికే పరుగెత్తు అని. నేనూ ఊరికే పరుగెత్తేదాన్ని. ఏడ్చేదాన్ని కాదు."

గది మూల వదిన మా స్టేజి బట్టలు మడతపెడుతోంది. ఒకే చొక్కాను మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది.

"వదినా."

"నీ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదమ్మాయ్. ఆర్పడానికి మనసు రాలేదు."

"దాచిపెట్టావు, సరే. దాచమన్నారు, దాచావు. మరి రెండో పాటలో బాగా వచ్చిందని ఎందుకు చెప్పావు? చివర్లో సన్నబడిందని ఎందుకు చెప్పావు? నేను మర్నాడు దాన్ని దిద్దుకునేదాన్ని వదినా."

వదిన ఏడ్చింది. ఆమె ఏడిస్తే నేను ఓదార్చకుండా ఉండటం అదే మొదలు. వాన తగ్గిందని డ్రైవరు హారను కొట్టాడు. తలుపు చెక్కను ఎప్పటిలాగే మా మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని బయల్దేరాం. నేను మిగతా ఊళ్ళన్నీ తిరిగాను. ఒప్పుకున్న పని మధ్యలో వదలడం నాకు చేతకాదు. జనం నాతో ఫొటోలు దిగారు. రోజూ బసలో వదిన ఎదురుచూసేది, నేను అడుగుతానని. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

*

ఆఖరి ప్రదర్శన మా ఊళ్ళోనే. దానికి మూడు రోజుల ముందు ఇల్లు చేరాం. ఆ మూడు రోజులూ ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. మూడో రోజు అన్నయ్య నా గది గడపలో నిలబడ్డాడు.

"మనవాళ్ళు పాతదొకటి అడుగుతారు. రికార్డులో మొదటిది వాయిద్దామనుకుంటున్నాం."

ఆ పాట తీగబల్ల మీదే పుట్టింది. మొదట నేను ఒక్కదాన్నే లాగాలి. అది గది నిండాక అన్నయ్య గొంతు అందుకుంటుంది. మిద్దె మీద నేల మీద కూర్చున్నవాళ్ళందరికీ అది తెలుసు.

"సరే," అన్నాను.

అతను ఇంకేదో చెప్పబోయి, గడప మీద కాలితో గీతలు గీసి వెళ్ళిపోయాడు. ఆ పాటకైనా మీట తెరుస్తానని అతను అనలేదు. నేను అడగలేదు. అడిగితే అవునంటాడని భయం. మొహం చూసి అవునంటాడు, ఆ తర్వాత స్టేజి మీద నేను గోడను చూస్తూ కూర్చోవాలి.

ఆ సాయంత్రం చెవుల బాబాయ్ వచ్చాడు. జ్వరానికి మనిషి సగమయ్యాడు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"ఇంకిపోవడం గింకిపోవడం అంతా అబద్ధం తల్లీ. లోతు శబ్దాలే గోడను గట్టిగా తాకుతాయి."

"విన్నాను బాబాయ్. బాగుంది, గోడ నుంచి వింటే."

"వాడు చెప్పాడు, నేను మూశాను. కడుపుకు తినేది వాడి దగ్గర. కానీ రేపు చెయ్యి నాది. నువ్వు ఊఁ అను, తెరిచి పారేస్తాను. ఊడితే ఊడనీ ఉద్యోగం."

మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"అన్నయ్య ఊఁ అంటే తెరవండి."

"వాడినడిగావా?"

"లేదు. ఆ పాత పాట ముందు మీరు మీట మీద చెయ్యి పెట్టి, చెయ్యి పైకెత్తి అన్నయ్యకు చూపించండి. తెరవమని తలూపితే తెరవండి. లేకపోతే వద్దు."

ఆయన నన్ను అప్పుడు సూటిగా చూశాడు. "ఇది పరీక్షా అమ్మా?"

"పరీక్షయితే నేను మార్కులు వేయాలి కదా. నాకు తెలియాలంతే."

మర్నాడు పొద్దున కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను. యజమానురాలు కొత్తమ్మాయిని ఇంకా పెట్టుకోలేదు.

"మీ దుకాణం వెనక గది ఖాళీయేనాండీ?"

"ఖాళీయే. ఎందుకు, మీ అన్నయ్య ఇల్లుందిగా?"

"ఉందండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసి, మళ్ళీ పెట్టుకుంది. "ఎప్పుడు చెప్తావు?"

"రేపు చెప్తాను."

*

హాలు నిండింది. ఫంక్షన్ల కాలం నాటి స్నేహితులు వచ్చారు, మిద్దె మీదకొచ్చేవాళ్ళు వచ్చారు, పోస్టరు చూసి వచ్చినవాళ్ళు అందరికంటే ఎక్కువమంది వచ్చారు. కొత్త పాటలు ఒకదాని వెంట ఒకటి అయిపోయాయి. జనం గెంతారు. నేను ముదురు నీలం చొక్కాలో కూర్చుని లాగాను.

చివరికి అన్నయ్య మైకు దగ్గరకొచ్చి, "ఇక పాతదొకటి" అన్నాడు. మిద్దె మీదవాళ్ళు అరిచారు. దీపాలు తగ్గాయి. నేను తీగ మీద కమాను ఆనించాను గానీ లాగలేదు.

హాలు చివర చెవుల బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి బల్ల మీద పెట్టి, రెండోది పైకెత్తాడు. అంత దూరం నుంచి కూడా ఆ చెయ్యి నాకు కనబడింది. అన్నయ్యకూ కనబడింది. కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత పక్క గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్న మేనేజరును, ఇంకా రొప్పుతూ తర్వాతి గెంతుకు సిద్ధంగా ఉన్న ముందు వరసలను చూశాడు. అతని మనసులో ఏదో అటూ ఇటూ ఊగడం నేను చూశాను. చిన్నప్పటి నుంచీ ఆ మొహం చూస్తున్నదాన్ని, ఎటు ఆగుతుందో ముందే తెలుసుకోగలను. ఈసారి మాత్రం తెలుసుకోవాలనిపించలేదు. కమాను పట్టుకుని ఎదురుచూశాను.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. గిటారు అందుకుని, పాటకు మొదటున్న నా మూలుగును తన తీగల మీద మీటాడు. నాకు నిమిషం పట్టేది. అతనికి రెండు మీటులు పట్టాయి. వెంటనే ఉరుము అందుకున్నాడు, ఆ వెనకే నత్త. హాలు చివర బాబాయ్ చెయ్యి దించి కూర్చున్నాడు.

నేను కమాను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు. కాళ్ళ దగ్గర పెట్టె నిశ్శబ్దంగా ఉంది. ఆ పాటను నేను వాయించడం తప్ప వినడం ఎరగను. అందరూ వినే పెద్ద పెట్టెల్లోంచి, అందరూ విన్నట్టే, ఇప్పుడు విన్నాను. బాగా పాడాడు. అబద్ధమెందుకు, నేను వాయించినప్పటి కంటే బాగా పాడాడు. నా కోసం ఆగాల్సిన పని లేదు కదా, గొంతు తేలిగ్గా లేచింది.

పాట అయిపోయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను కమాను కింద పెట్టి, తలుపు చెక్క వెనక నుంచి లేచి, వాళ్ళతోపాటు చప్పట్లు కొట్టాను. అన్నయ్య జనానికి వంగి నమస్కారం పెడుతున్నవాడు, పక్క నుంచి వస్తున్న ఆ ఒక్క జత చేతుల చప్పుడు విని తల తిప్పాడు. నవ్వు ఇంకా అతని మొహం మీదే ఉంది. నన్ను చూశాక కూడా దాన్నేం చేయాలో తోచక, అలాగే ఉంచుకున్నాడు. నేను కొడుతూనే ఉన్నాను.